పుట్టుమచ్చ చూపినవారికే గులకరాయి

ఒకానొక రాజ్యంలో ఒక కాలువ ఉండేది. రాజు లేడా అంటారేమో, ఉన్నాడు. ఆయన సంగతి తర్వాత. ఆ రాజ్యంలో జనం నాలుగు మెతుకులు తినేది కాలువ దయవల్లేనని అందరికీ తెలుసు. రాజుగారి ముందు మాత్రం ఎవరూ ఆ మాట అనేవారు కాదు.

కాలువ ఎగువన కోట, కోట చుట్టూ పట్నం, పట్నం వాళ్ళ పొలాలు. దిగువకు పోనుపోను చిన్నచిన్న ఊళ్ళు. చిట్టచివర, శివారున, దిగువపాలెం. ఎగువన తూములు ఇష్టం వచ్చినట్టు ఎత్తేస్తే దిగువపాలేనికి చేరేది బురద. అదీ అదృష్టం బాగుంటేనే. అందుకని ఏ తూము ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు దించాలో చెప్పడానికి ఒక నీటిపెద్ద ఉండేవాడు. ఆయన్ని రాజుగారు నియమించరు, జనమే ఎన్నుకుంటారు. ఆ ఆచారం రాజుగారి ముత్తాత నాటిది.

ఎలా ఎన్నుకుంటారంటారా? పొయ్యికొక రాయి. పొయ్యి వెలిగే ప్రతి ఇంటి నుంచీ ఒకరు వచ్చి, తెర వెనక ఉన్న కుండల్లో తమకు నచ్చినవాడి కుండలో ఒక గులకరాయి వేసి వెళ్ళాలి. ఇంటాయన రావచ్చు, ఇంటావిడ రావచ్చు. కోటలో కూడా వంటశాల ఉంది, దానిలోనూ పొయ్యి వెలుగుతుంది కనక రాజుగారికీ ఒక రాయి ఉంది. మొదటి రాయి ఆయనదే.

ఆ రాజు పేరు రణకేసరి మహారాజు. పుట్టి బుద్ధెరిగి యుద్ధం చూసినవాడు కాదు గానీ, బిరుదులు మాత్రం చదవడం మొదలుపెడితే చద్దన్నం వేళకు మొదలై పగటి భోజనం వేళకు పూర్తయ్యేవి. మనిషి చెడ్డవాడు కాదు. పొగిడితే పొంగిపోతాడు, ఎదురు చెబితే ముడుచుకుపోతాడు, అంతే. ఆయన కొలువులో ఓబళయ్య అని ఒకడుండేవాడు. పొట్టి మనిషి, బట్టతల. అతను కవి కాడు, పండితుడు కాడు, సేనాని అసలే కాడు. రాజుగారికి కోపం వచ్చినప్పుడు నవ్వించడమూ, నవ్వు మరీ ఎక్కువైనప్పుడు ఆలోచింపజేయడమూ అతని కొలువు.

కిందటిసారి నీటిపెద్ద ఎన్నికలో ఒక గొడవ జరిగింది. రాళ్ళు లెక్కపెడితే పొయ్యిల కంటే రాళ్ళు ఎక్కువ తేలాయి! ఏరు దాటి వచ్చిన పొరుగు రాజ్యం వాళ్ళు వేశారని కొందరు, ఒక్కొక్కడు రెండుసార్లు వేశాడని కొందరు. ఎవరు వేశారో ఎవరికీ తెలియదు గానీ, ప్రతివాడికీ ఎవరో ఒకరి మీద అనుమానం ఉండనే ఉంది. మళ్ళీ ఎన్నిక దగ్గర పడేసరికి మహామంత్రి త్రయంబకామాత్యుడు నిండు కొలువులో లేచి గొంతు సవరించుకున్నాడు.

"మహాప్రభూ! రాయి వేయవచ్చినవాడు తాను ఫలానా అని రుజువు చూపాలి. ప్రతి పొయ్యికీ ఒక రాగిబిళ్ళ ఇద్దాం. దానిమీద పేరు, ఇల్లు, ఒక పుట్టుమచ్చ ఎక్కడుందో చెక్కిద్దాం. ఎన్నికనాడు బిళ్ళా చూపాలి, మచ్చా చూపాలి. పేరు మార్చుకోవచ్చు, వేషం మార్చుకోవచ్చు, బ్రహ్మ పెట్టిన మచ్చను ఎవడు మార్చగలడు?"

"భేష్!" అన్నాడు రాజు, తొడ మీద చరుచుకుని. "బ్రహ్మదేవుడే మనకు రాతకోతలు చూసే రాయసగాడన్నమాట!"

కొలువంతా చప్పట్లు కొట్టింది. ఓబళయ్య కూడా కొట్టాడు. దొంగరాళ్ళు పడకూడదన్న మాటలో తప్పేముంది? అతనికి నిజంగానే బాగానే ఉందనిపించింది.

కోటలో బిళ్ళలు పంచడం మొదలై కొన్నాళ్ళయ్యాక, ఒక సాయంత్రం ఆ బాగుండడం ఇంటి గడప దగ్గరే ఆగిపోయింది.

ఓబళయ్య భార్య నాంచారమ్మ పుట్టిల్లు దిగువపాలెం. భర్త కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చునేసరికి ఆవిడ చేతిలో గరిటె ఉంది, ముఖంలో నవ్వు లేదు.

"ఏమండీ, మీ కొలువులో ఏదో మచ్చల శాసనం చేశారట. మీరూ చప్పట్లు కొట్టారట."

"దొంగరాళ్ళు అరికట్టడానికే నాంచారీ..."

"మా అమ్మకు మచ్చ ఎక్కడుందో తెలుసా మీకు?"

"అత్తగారి మచ్చ నాకెలా తెలుస్తుందే!"

"మోకాలి పైన, తొడమీద. మీ రాయసగాడు చూపించమంటే చూపించాలా? మా పాలెం ఆడవాళ్ళంతా దుక్కి పనులు మానుకుని అంత దూరం నడిచి కోటకు వచ్చారండీ. బిళ్ళలు కోటలోనే ఇస్తారట, ఇంకెక్కడా ఇవ్వరట. తీరా వచ్చాక ఆ రాయసగాడు 'మచ్చ చూపించు' అన్నాడు. మా అమ్మ చెప్పు తీసింది. అంతే, దిగువపాలేనికి బిళ్ళలు లేవు పొమ్మన్నారు."

"మరి మగవాళ్ళు?"

"ఏడాది పొడుగునా ఎండలో ఎండి, బురదలో నాని, ఏది మచ్చో ఏది మన్నో వాళ్ళకే తెలియదు. అంతకు ముందే మా పెదనాన్నకు ముక్కు మీద ఉన్నది చూసి బిళ్ళ చెక్కారట. అది పులిపిరి! ఉప్పు రుద్దితే రాలిపోయింది. ఇప్పుడు బిళ్ళ ఉంది, మచ్చ లేదు."

ఓబళయ్యకు నవ్వొచ్చింది గానీ, గరిటె చూసి ఆపుకున్నాడు. నాంచారమ్మ అసలు సంగతి అప్పుడు చెప్పింది. ఈసారి నీటిపెద్దగా నిలబడుతున్నది ఇద్దరు. ఒకడు మాదన్న, ఎగువకూ దిగువకూ సమంగా నీళ్ళు పంచుతాడని పేరున్నవాడు. రెండోవాడు జంబులయ్య, సాక్షాత్తూ మహామంత్రిగారి బావమరిది. ఎగువన అతనికి చెరకు తోటలున్నాయి. చెరకుకు రాత్రీ పగలూ నీళ్ళు కావాలి.

"దిగువవాళ్ళెవరూ రాయి వేయకపోతే జంబులయ్య గెలుస్తాడు. గెలిస్తే మా పాలెం వరి మాడిపోతుంది. మావాళ్ళు తట్టాబుట్టా నెత్తిన పెట్టుకుని వలసపోవాలి. మా అమ్మ ఈ వయసులో ఎక్కడికి పోతుంది?" అంటూనే నాంచారమ్మ కళ్ళు తుడుచుకుంది. తుడుచుకుని వెంటనే గరిటె ఎత్తింది. "ఈ సంగతి తేల్చేదాకా మీరు రాజుగారింట్లోనే భోంచేయండి. ఈ ఇంట్లో పొయ్యి వెలగదు."

మర్నాడు ఓబళయ్య ఖాళీ కడుపుతో కొలువుకు వెళ్ళి రాజుగారికి నయానా భయానా చెప్పి చూశాడు. ఆడవాళ్ళ మర్యాద గురించి చెప్పాడు, దూరం గురించి చెప్పాడు, పులిపిరి గురించి కూడా చెప్పాడు. రాజు ముఖం ముడుచుకున్నాడు.

"ఓబళయ్యా, మంచివాడికి రుజువు చూపడానికి సిగ్గెందుకు? నడవలేనివాడు బద్ధకస్తుడు, చూపలేనివాడు దొంగ. అంతే."

మంత్రి మీసాల చాటున నవ్వుకున్నాడు. ఎదురు చెబితే ఈ కొయ్య వంగదని ఓబళయ్యకు అర్థమైంది. వెంటనే చేతులు జోడించి గొంతు మార్చేశాడు.

"చిత్తం ప్రభూ! నాదే బుద్ధితక్కువ. మరి ఇంత గొప్ప శాసనంలో అన్నిటికంటే గొప్ప బిళ్ళ ఎవరిది కావాలి? తమరిదే కావాలి. అదీ రాగితో కాదు, మేలిమి బంగారంతో! అయితే ఒక్క మాట. మహారాజులు గనక తమరికి మినహాయింపు ఉంటుందేమో..."

"మినహాయింపా?" రాజు సింహాసనం మీద నిటారుగా కూర్చున్నాడు. "నా శాసనానికా? రాజు దగ్గర్నుంచి రైతు దాకా అందరికీ ఒకటే నియమం. నేనూ బిళ్ళ చూపిస్తాను, మచ్చా చూపిస్తాను. రాయసగాడా, ఈ మాట రాసుకో!"

"ఆహా! అయితే ఎన్నికనాడు ఆ తనిఖీ పని ఈ దాసుడికే దయచేయించండి ప్రభూ. దిగువపాలెం అల్లుణ్ణి కదా, నేనే ఆపితే వాళ్ళు కూడా నోరెత్తరు."

ఈ సలహా మంత్రికి కూడా నచ్చింది. అత్తవారింటి వాళ్ళను అల్లుడి చేతనే ఆపించడం కంటే కావలసిందేముంది?

కంసాలి బంగారు బిళ్ళ పట్టుకొచ్చాడు. పేరు చెక్కాడు, ఇల్లు చెక్కాడు. మచ్చ దగ్గరకొచ్చేసరికి చిక్కొచ్చి పడింది. రాజుగారు నిలువుటద్దం తెప్పించుకుని చూసుకున్నారు. ముఖాన లేదు, చేతుల మీద లేదు, వీపున లేదు. చివరికి రాజుగారిని చిన్నప్పుడు కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోసిన ముసలి దాదిని పిలిపించారు. ఆవిడ బోసినోటితో నవ్వి రాజుగారి చెవిలో చెప్పింది. రాజుగారి చెవులు ఎర్రబడ్డాయి. ఆయన కంసాలి చెవిలో చెప్పాడు. కంసాలి నవ్వాపుకుని చెక్కాడు. పక్కనే ఉన్న ఓబళయ్య ఆ చెక్కుడు చదివాడు. 'కూర్చునే చోట, ఎడమ వైపు, కందిగింజంత.'

అంటే ఇన్నేళ్ళుగా ఆ మచ్చ సంగతి దాదికి తెలుసు, సింహాసనానికి తెలుసు. ఇంకెవరికీ తెలియదు.

"నన్నెవడు చూపించమంటాడులే," అని రాజు ధీమాగా బిళ్ళ మెడలో వేసుకున్నాడు.

ఎన్నికకు ముందురోజు పొద్దున్నే ఓబళయ్య ఒక నల్లజీడి గింజ తెచ్చి భార్య చేతిలో పెట్టాడు. చాకళ్ళు బట్టలకు గుర్తు పెట్టే గింజ అది. దాని రసం అంటితే ఉతికినా పోదు.

"దీంతో నాకు ఒక మచ్చ పెట్టు. కందిగింజంత. పెట్టాక, రేపు మీ పాలెం వాళ్ళంతా పొయ్యికొక రాయి పట్టుకుని పందిరి దగ్గరకు రావాలని కబురు పంపు."

"మచ్చ ఎక్కడండీ?"

ఓబళయ్య చెవిలో చెప్పాడు. నాంచారమ్మ ముందు తెల్లబోయి, తర్వాత కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. అన్ని రోజుల తర్వాత భార్య నవ్వడం చూసి ఓబళయ్యకు ప్రాణం లేచొచ్చింది. చీపురుపుల్లతో రసం అద్దిన క్షణాన ఆ ప్రాణం మళ్ళీ పోయింది. అబ్బ, ఏం మంట! నల్లజీడి బట్టను ఏమీ చేయదు గానీ ఒంటిమీద పడితే బొబ్బ లేపుతుంది. ఆ పూట ఓబళయ్య పక్కింటివాళ్ళు పెట్టిన చద్దన్నం నిలబడే తిన్నాడు. పొయ్యి ఇంకా వెలగలేదు మరి.

ఎన్నికనాడు కాలువ గట్టున పందిరి వేశారు. తెర కట్టారు, తెర వెనక రెండు కుండలు పెట్టారు. బిళ్ళలున్న ఎగువవాళ్ళు వరసలో నిలబడ్డారు. అడ్డంగా కట్టిన తాడుకు అవతల, మెడలో బిళ్ళలు లేని దిగువపాలెం వాళ్ళు గుప్పిట్లో గులకరాళ్ళు పట్టుకుని ఎండలో నిలబడ్డారు. వాళ్ళ ముందు ఓబళయ్య అత్తగారు సుంకులమ్మ, చేతికర్ర నేలకు ఆనించి అల్లుడి వంకే చూస్తోంది. ఆ చూపులో పెద్ద ప్రేమేమీ లేదు.

రాజుగారు పల్లకీ దిగారు. పైన గొడుగు, వెనక వింజామర, పక్కన మహామంత్రి, మంత్రి పక్కన జంబులయ్య. గులకరాయి కూడా పట్టుగుడ్డలో చుట్టి వెండిపళ్ళెంలో వచ్చింది. రాజు రాయి అందుకుని తెర వైపు నడిచాడు.

ఓబళయ్య అడ్డంగా నిలబడ్డాడు. "బిళ్ళ, ప్రభూ."

రాజు చిరునవ్వుతో బంగారు బిళ్ళ తీసి ఇచ్చాడు. నియమం తనకూ ఉందని జనం చూడాలని ఆయన సరదా.

ఓబళయ్య గట్టిగా చదివాడు. "పేరు, రణకేసరి మహారాజు. సరే. ఇల్లు, కోట. సరే. పుట్టుమచ్చ..." అని ఆగి, దగ్గి, గొంతు తగ్గించాడు. "చూపించండి ప్రభూ."

"ఏమన్నావ్?"

"మచ్చ, ప్రభూ. బిళ్ళలో రాసిన చోట."

రాజు ముఖం మందారంలా ఎర్రబడింది. "ఇక్కడా? ఇంతమందిలోనా? నీకు మతిపోయిందా?"

"నాకూ కష్టంగానే ఉంది ప్రభూ. కానీ తమరు రాయించిన మాటే కదా. చూపలేనివాడు దొంగ అని కూడా అన్నారు."

జనం గుసగుసలాడారు. ఆ మచ్చ ఎక్కడుందో ఎవరికి తోచింది వాళ్ళు ఊహించుకున్నారు. కొందరి ఊహ సరిగ్గానే ఉంది కాబోలు, నోటికి తుండుగుడ్డ అడ్డం పెట్టుకున్నారు.

మహామంత్రి ముందుకొచ్చాడు. "మూర్ఖుడా! ఈ బిళ్ళ రాజుగారిదని నీకు తెలియదూ?"

"బిళ్ళ రాజుగారిదే మహామంత్రీ. బిళ్ళ తెచ్చినవారు రాజుగారా కాదా అని తేల్చడానికే కదా మచ్చ. తమరే చెప్పారు, వేషం మార్చుకోవచ్చు, మచ్చ మార్చుకోలేరని." ఓబళయ్య రాజు వైపు తిరిగాడు. "పోనీ ప్రభూ, తమరు చూపించవద్దు. నేను చూపిస్తాను."

అని, ఆ బంగారు బిళ్ళ తన మెడలో వేసుకుని, పంచె మొల దగ్గర చేయి పెట్టాడు.

"బిళ్ళ నా మెడలో ఉంది. రాసిన చోట, రాసినంత మచ్చ నాకుంది. చూపడానికి సిద్ధంగా ఉన్నాను. శాసనం ప్రకారం రణకేసరి మహారాజును నేనే!"

తాడు అవతల నాంచారమ్మ గుండెలు పట్టుకుంది.

"రాజద్రోహం!" అరిచాడు మంత్రి. "భటులారా, వీడి తల తీయండి!"

భటులు కత్తులు దూశారు. ఓబళయ్య పెద్ద ధైర్యవంతుడేం కాదు, ఆ క్షణాన ఇంటికి పారిపోవాలనే అనిపించింది. కానీ ఇంట్లో పొయ్యి వెలగడం లేదని గుర్తొచ్చి నిలబడ్డాడు.

"ఆగండి నాయనా! నరకండి, కాదనను. నరికేముందు నేను రాజును కానని రుజువు చేయండి. బిళ్ళ ఇదిగో. మచ్చ కావాలంటే అదిగో. రాజును నరికారంటే రేపు మీ తలలకు ఎవరు పూచీ?"

భటులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కత్తులు అక్కడే ఆగాయి.

రాజుగారికి ఒళ్ళు మండిపోయింది. "నేనెవరో ఈ జనానికి తెలియదా?" అని వరసలో ఉన్నవాళ్ళ వైపు తిరిగి గర్జించాడు. "చెప్పండి! రాజును నేనా, వీడా?"

బిళ్ళలున్నవాళ్ళు నేల చూపులు చూశారు. ఎవరి మెడలోని బిళ్ళను వాళ్ళు గట్టిగా పట్టుకున్నారు. ఏం చెబితే ఏమొస్తుందో, ఉన్న బిళ్ళ ఊడుతుందేమో అని వాళ్ళ భయం.

అప్పుడు తాడు అవతల నుంచి ఒక ముసలి గొంతు ఖంగున మోగింది.

"ఇదేం చోద్యమమ్మా! ఆ గొడుగు కింద నిలబడ్డాయనే రాజు. ఈ పొట్టాయన మా అల్లుడు!"

సుంకులమ్మ అరవగానే దిగువపాలెమంతా అందుకుంది. "అవును, ఆయనే మా రాజు! ఆయనే! ఓబళయ్య మా అల్లుడే!"

రాజు ఛాతీ పొంగింది. "విన్నావుట్రా?"

"విన్నాను ప్రభూ," అన్నాడు ఓబళయ్య దిగులుగా. "ఏం లాభం? వాళ్ళ సాక్ష్యం చెల్లదే!"

"ఎందుకు చెల్లదు?"

"వాళ్ళెవరో ఎవరికి తెలుసు ప్రభూ? వాళ్ళ మెడల్లో బిళ్ళలేవి? ఆమె సుంకులమ్మ అని రుజువేది? తమ శాసనం ప్రకారం వాళ్ళు ఊరూ పేరూ తెలియని మనుషులు. తామెవరో తాము చెప్పుకుంటేనే చెల్లని మనుషులు, తమరెవరో చెబితే చెల్లుతుందా?"

రాజు తాడు అవతలివాళ్ళ వంక చూశాడు.

"ఇక తమరి దయ," అన్నాడు ఓబళయ్య చేతులు జోడించి. "వాళ్ళ మాట చెల్లుతుందంటే, వాళ్ళు తెలిసినవాళ్ళే అన్నమాట, తాడు విప్పించి వాళ్ళ రాళ్ళు వేయనివ్వండి. చెల్లదంటే మాత్రం రాజును నేనే అన్నమాట. అయితే ప్రభూ, దయచేసి నన్ను ఈ రోజు మాత్రం సింహాసనం మీద కూర్చోబెట్టవద్దు."

"ఎందుకని?"

ఓబళయ్య దగ్గరకెళ్ళి రాజుగారి చెవిలో నల్లజీడి సంగతి, చీపురుపుల్ల సంగతి, బొబ్బ సంగతి చెప్పాడు.

రాజు కాసేపు పెదవులు బిగబట్టాడు. మీసాలు వణికాయి. ఆపైన ఇక ఆగలేదు, కడుపు పట్టుకుని విరగబడి నవ్వాడు. తలపాగా జారి గొడుగువాడి కాళ్ళ మీద పడింది. రాజు నవ్వాడు గనక భటులు నవ్వారు, భటులు నవ్వారు గనక జనం నవ్వారు. మంత్రి మాత్రం నవ్వలేదు.

"మహాప్రభూ, నవ్వులాట కాదిది. కిందటిసారి దొంగరాళ్ళు పడిన మాట అబద్ధమా?"

రాజు కళ్ళు తుడుచుకుని ఓబళయ్య వైపు చూశాడు. "ఆయన అడిగింది న్యాయమే కదోయ్. దానికేమంటావు?"

"న్యాయమే ప్రభూ, కాదన్నవాడికి కళ్ళు పోతాయి. దొంగరాయి ఒక్కటి పడినా ఒక మంచిరాయి చచ్చినట్టే. కానీ మనిషిని గుర్తుపట్టడానికి ఒళ్ళు విప్పించాలా? పక్కింటివాణ్ణి అడిగితే చాలదా? మాదన్న తరఫున ఒకణ్ణి, జంబులయ్య తరఫున ఒకణ్ణి ఇక్కడ నిలబెట్టండి. వచ్చిన మనిషి ఏ ఊరు, ఏ పొయ్యి అని ఇద్దరూ ఒప్పుకుంటే రాయి వేస్తాడు. ఒకడు కాదంటే, ఆ ఊరివాళ్ళందరి ముందూ అక్కడికక్కడే తేలుతుంది. బిళ్ళ ఉన్నవాడు బిళ్ళ కూడా చూపించుకోవచ్చు, నాకేం అభ్యంతరం? లేనివాణ్ణి మాత్రం మనిషే కాదని గెంటొద్దు."

"పక్కింటివాడు పగబట్టి అబద్ధం చెబితే?" అన్నాడు మంత్రి.

"అందుకే ఇద్దరు మహామంత్రీ. ఆ ఇద్దరికీ ఒకేసారి పగ ఉండేటంత మనుషులు ఊళ్ళో తమరూ నేనూ తప్ప ఇంకెవరూ లేరు."

రాజు మళ్ళీ నవ్వి, తాడు విప్పించాడు.

వరస కదిలింది. కాసేపటికే ఒక వింత జరిగింది. ఎగువ వరసలో ఒక బలిష్ఠుడు వచ్చాడు. మెడలో కొత్త రాగిబిళ్ళ, చెంప మీద చక్కటి నల్లమచ్చ, రెండూ సరిగ్గా సరిపోయాయి. మంత్రిగారి పద్ధతయితే తిన్నగా లోపలికి వెళ్ళిపోయేవాడే. బిళ్ళ మీద కుమ్మరివీధి అని ఉంది. కుమ్మరివీధి వాళ్ళను పిలిచి అడిగితే "ఈయనెవరో మేమెరగం" అన్నారు. మాదన్న మనిషి ఎరగనన్నాడు. జంబులయ్య మనిషి కూడా కంగారులో ఎరగననేశాడు. ఓబళయ్య ఆ మచ్చ దగ్గరగా చూసి, దాని చుట్టూ లేచిన బొబ్బ చూసి, "అయ్యో పాపం, నీకూ మంటేనా?" అని జాలిపడ్డాడు. వాడు బిళ్ళ అక్కడే వదిలేసి పరుగు లంకించుకున్నాడు. వాడి వెనకే వరసలోంచి ఇంకా కొందరు జారుకున్నారు.

రాజు మంత్రి వైపు చూశాడు. మంత్రి జంబులయ్య వైపు చూశాడు. జంబులయ్య కాలువ వైపు చూస్తూ నిలబడ్డాడు.

పొద్దు వాలేసరికి రాళ్ళు లెక్కపెట్టారు. పొయ్యిల కంటే ఒక్క రాయి కూడా ఎక్కువ లేదు. మాదన్న గెలిచాడు. ఆ మాట వినగానే దిగువపాలెం ఆడవాళ్ళు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. నాంచారమ్మ భర్త వంక చూసి, "పదండి ఇంటికి, పులుసు పెడతాను," అంది. ఓబళయ్యకు అంతకు మించిన సన్మానం అక్కర్లేదనిపించింది.

అయినా రాజులకు వాళ్ళ పద్ధతులుంటాయి కదా. రణకేసరి తన మెడలో ముత్యాలహారం తీసి ఓబళయ్య మెడలో వేశాడు. బంగారు బిళ్ళ కరిగించి నీటిపెద్దకు తూము తాళం చేయించమన్నాడు. ఆ మీదట సుంకులమ్మను దగ్గరకు పిలిచాడు.

"అవ్వా, నేనెప్పుడూ మీ ఊరు రాలేదు. నన్ను నువ్వు చూసిందీ లేదు. రాజును నేనేనని అంత గట్టిగా ఎలా చెప్పావు?"

"అదేమంత బ్రహ్మవిద్య నాయనా?" అంది సుంకులమ్మ. "అంత ఎండలో మేమందరం మాడుతుంటే, నీ గొడుగు ఇంకొకడు మోస్తున్నాడు. రాజువు కాకపోతే ఎవడు మోస్తాడు?"

రాజు పైకి చూశాడు. గొడుగువాడు చెమటలు కక్కుతున్నాడు. రాజు కొంచెం సిగ్గుపడి, గొడుగు తన చేతిలోకి తీసుకుని, పకపకా నవ్వాడు.

"బాగా చెప్పావవ్వా! మీ ఊరు రాకపోవడం నా తప్పే. వస్తే రానిస్తారా?"

"కాలువలో నీళ్ళొచ్చాక రా. కొత్తబియ్యం అన్నం పెడతాను. బిళ్ళా వద్దు, మచ్చా వద్దు, మా ఊళ్ళో అన్నం తినేవాణ్ణి ఎవరని అడగం."

వెళ్ళాడా అంటారా? ఆ ఏడు కోతలయ్యాక వెళ్ళాడు. గొడుగువాణ్ణి కూడా పక్కనే కూర్చోబెట్టుకుని తిన్నాడు.